అరవై రెండో నంబరు ఆటగాడు, మా డ్రిల్లు మేడం

మా డ్రిల్లు మేడం పోయారు. పోయిన బుధవారం ఉదయం ఆమె తమ్ముడు కార్వేటినగరం నుంచి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారని చెప్పాడు. తర్వాత, "దినామూ అయిదు గంటలకి మమ్మల్నందర్నీ లేపేది అక్కే గదమ్మా. ఈ పొద్దు లేపలేదు. ఏడు దాకా ఇంటిల్లిపాదీ నిద్రపోతానే ఉండాం," అన్నాడు.

నేనప్పుడు తిరుపతిలో మా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. లేచి వెళ్ళి మా మేనేజరుకు చెప్పాను. ఒకప్పుడు ఆమెను రేపటి నుంచి ఆఫీసుకు రావద్దన్న మనిషి ఆయన. తన కంప్యూటరు ఆపేసి, ఎవరెవరు వస్తారో కనుక్కోమన్నాడు. తన కారులో నలుగురిని ఎక్కించుకుని తనే నడిపాడు. పుత్తూరు దాటాక ఆయన, "మేడం ఎప్పుడన్నా సెలవు పెట్టిందా?" అని అడిగాడు. పెట్టలేదని చెప్పాను.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ జిల్లాలో వందల మంది ఉన్నారు. ఆమె కబడ్డీ గురించి, ఆమె తిట్ల గురించి వాళ్ళు నాకంటే బాగా చెప్పగలరు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఉద్యోగ విరమణ అయ్యాక మా మేడం ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును ఒక సీజనంతా చూశారు. వాళ్ళు ఆమెకు ఏమీ కారు. అందులో ఒక్కరి పేరు కూడా ఆమె సరిగా పలకలేరు. అయినా సొంత బడి పిల్లల్ని చూసినట్టు చూశారు. ఆ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మాది నగరి. ఇంట్లో మరమగ్గాలు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు మేడం మా ఇంటికి వచ్చారు. మగ్గాల చప్పుడులో మాట వినపడక, నాయనను వీధిలోకి పిలిచి మాట్లాడారు. నన్ను కబడ్డీ జట్టులోకి పంపమని అడగడానికి వచ్చారు. నాయన సాయంత్రాలు నేను మగ్గానికి నూలు కండెలు చుట్టాలని అన్నాడు. ఆమె నా వైపు చూసి, "ఈ పాపవి కండెలు సుట్టుకుంటా కూసునే కాళ్ళు కావప్పా," అన్నారు. నాయన నా కాళ్ళను అదే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మర్నాటి నుంచి నేను ఆటకు పోయాను. గొప్ప ఆటగత్తెను కాలేదు గానీ, మా వీధిలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను అయ్యాను. దానికీ దీనికీ సంబంధం ఉందనే నేను అనుకుంటాను.

మా ఆఫీసు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద ఒక టైర్ల షాపు పైన రెండు గదులు. ఇతర దేశాల ఆటల వీడియోలు మాకు వస్తాయి. ఆటలో ఏం జరిగిందో, ఎవరు పరిగెత్తారో, ఎవరు పడ్డారో, ఎన్ని సెకన్లు పట్టిందో ఒక్కొక్కటే చూసి గడుల్లో నింపి పంపాలి. క్రికెట్, టెన్నిస్ అయితే మాకు చేతనయ్యేది. ఆ ఏడాది అమెరికన్ ఫుట్‌బాల్ పని వచ్చింది. మొదటి వీడియో చూసి మా పన్నెండు మందిలో ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. ఇనుప టోపీల్లాంటి హెల్మెట్లు పెట్టుకున్న ఇరవై రెండు మంది ఒకరి మీద ఒకరు పడతారు, లేస్తారు, మళ్ళీ పడతారు. ఆటలు తెలిసిన పెద్దమనిషి ఎవరైనా దొరికితే బాగుండునని మేనేజరు అన్నాడు. నేను మేడంకు ఫోన్ చేశాను. ఆమె రిటైరై అప్పటికి రెండేళ్ళు. కార్వేటినగరంలో తమ్ముడి ఇంట్లో ఊరికే కూర్చోలేక నెలకోసారి అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్ళేవారు. మొక్కు ఉందా మేడం అని అడిగితే, మోకాళ్ళు ఏమంటాయో కనుక్కుందామని పోతా ఉండా అనేవారు.

మేడం వచ్చారు గానీ కీబోర్డు ముట్టుకోలేదు, మౌసు ఒక్కటే పట్టుకున్నారు. మొదటి వారం వీడియోలు చూశారు, అంతే. నియమాల పుస్తకం నేను చదివి తెలుగులో చెబుతుంటే తల ఊపుతూ విన్నారు. శనివారం మధ్యాహ్నం ఉడకబెట్టిన శనక్కాయలు డబ్బా నిండా తెచ్చి, బల్ల మీద పదకొండు ఇటు, పదకొండు అటు పేర్చి, మధ్యలో బంతికి బదులు ఒక రబ్బరు పెట్టారు. బంతి చేతిలో ఉన్నవాళ్ళకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మరో నాలుగు ఇస్తారు. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఇంతే ఆట అన్నారు. అరగంటలో అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక రెండు జట్లనూ తినేశాం.

ఒక్కో గదికి ఒక్కో జట్టు పంచితే, రెండో గదివాళ్ళకు బాగా గెలిచే జట్టు వచ్చింది. మా గదికి వచ్చిన నీలం చొక్కాల జట్టు మొదటి ఆట ఓడింది, రెండోది ఓడింది, మూడోది గెలిచేలా ఉండి ఓడింది. సోమవారం ఉదయం ఏడు గంటలకు ఫైలు తెరిచేటప్పుడు మాకు ఏడుపు వచ్చేది. ఓడిపోయే జట్టును సెకనుకు సెకను ఆపి ఆపి చూడడం ఎంత విసుగో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మేడం మాత్రం జడలో కనకాంబరాలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చి కూర్చునేవారు. ఇంకో జట్టు అడుగుదామని మేము అంటే ఒప్పుకోలేదు.

"గెలిసేవోళ్ళని సూసేదానికి ఊరంతా ఉండాది పాపా. ఈళ్ళని సూసేదానికి మనమన్నా ఉండాల గదా," అన్నారు.

ఆమెకు అందరికంటే ఇష్టమైనవాడు అరవై రెండో నంబరు. ముందు వరుసలో నిలబడే భారీ మనిషి. వాడి పనల్లా వెనక ఉన్న బంతి విసిరే కుర్రాడి మీదికి ఎవరూ రాకుండా ఎదుటివాణ్ణి ఆపడం. సీజనంతటిలో బంతిని ఒక్కసారీ ముట్టుకోడు. మా గడుల్లో బంతి విసిరినవాడికి గడి ఉంది, పట్టినవాడికి ఉంది, పడేసినవాడికి ఉంది, వీడికి లేదు. ఇది మేడంకు చాలా అన్యాయంగా అనిపించింది. మేనేజరు దగ్గరకు వెళ్ళి, ఈయప్పకు ఒక గడి పెట్టించమని అడిగారు. అది మన చేతుల్లో లేదని ఆయన నవ్వాడు. దాంతో ఆమె ఒక నోటుపుస్తకం కొనుక్కుని, అరవై రెండు ఎదుటివాణ్ణి ఎప్పుడెప్పుడు ఎంతసేపు ఆపాడో, కాలు ఎంత త్వరగా లేచిందో తన కోసం తనే రాసుకోవడం మొదలుపెట్టారు. వాడి పాదాలు చూడమని మాకు చెప్పేవారు. అంత బరువు మనిషి, బంతి కదిలిన మరుక్షణం ఎడమకాలు పిల్లి కాలులా వెనక్కి వేస్తాడు. చూడగా చూడగా మాకూ అదే కనపడసాగింది.

అక్టోబరులో ఆ జట్టు మొదటిసారి గెలిచింది. ఆ ఉదయం మేడం కుర్చీలోంచి లేచి, ఏం చేయాలో తెలియక, పక్కన ఉన్న నాకు కరచాలనం చేశారు.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక సోమవారం. ఆట ముగిసి అప్పటికి నాలుగైదు గంటలే అయింది. మూడో భాగంలో ఎవరిదో మోకాలు వచ్చి అరవై రెండు తలకు తగిలింది. ఇనుప టోపీ ఉంది కాబట్టి పెద్దగా ఏమీ అనిపించలేదు. లేచాడు. లేచి, నాలుగడుగులు వేసి, నేరుగా అవతలి జట్టు వరుసలో నిలబడ్డాడు. తన జట్టువాడొకడు పరిగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు. వీడియోలో వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు నవ్వారు. మా గదిలోనూ అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మేడం వీడియో ఆపారు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. మరోసారి చూశారు. ఆ తర్వాత అరవై రెండు దిగిన ప్రతి వరుసనూ చూసుకుంటూ పోయారు. బంతి కదిలాక వాడి ఎడమకాలు ఆలస్యంగా లేస్తోంది. ఒకసారి అసలు లేవలేదు. అయినా చివరి దాకా ఆడాడు. మళ్ళీ ఆట ఎప్పుడని నన్ను అడిగారు. పట్టిక చూసి, ఈ వారం గురువారమే ఉందని చెప్పాను. ఆమె వెంటనే లేచారు.

మేనేజరు దగ్గరకు వెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదు. అక్కడ మైదానంలోనే డాక్టర్లు ఉంటారని, ఇరవై కెమెరాలు ఉంటాయని, మనకు పని ఇచ్చినవాళ్ళు గడులు నింపమన్నారే తప్ప వైద్యం చేయమనలేదని చెప్పాడు. ఎక్కడో తిరుపతిలో కూర్చుని మీ ఆటగాడికి తల బాగాలేదు అని రాస్తే, పని మొత్తం వెనక్కి తీసుకుంటారని, పన్నెండు మంది ఇళ్ళకు పోవాల్సి వస్తుందని అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. మేడం వాదించలేదు. బయటికి వచ్చి, టైర్ల షాపుకు దిగే మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు. నేను మా నగరి బడిలో చేరడానికి చాలా ఏళ్ళ ముందు, వేరే ఊళ్ళో పనిచేసేటప్పుడు, ఆమె జట్టు జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళింది. కూతకు వెళ్ళిన ఒక అమ్మాయిని ముగ్గురు కలిసి పడేస్తే తల నేలకు కొట్టుకుంది. ఆ పిల్ల లేచి, దుమ్ము దులుపుకుని, అవతలి జట్టులోకి వెళ్ళి నిలబడింది. జనం నవ్వారు. మేడం కూడా నవ్వి, భుజం పట్టి ఇవతలికి తిప్పి, ఆడు అని పంపారు. ఆ ఆట గెలిచారు. తిరుగు బస్సులో ఆ పిల్ల వాంతులు చేసుకుంది. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. బతికింది గానీ, ఆ తర్వాత మాట నిదానమైంది, కుడిచెయ్యి సగమే స్వాధీనంలోకి వచ్చింది. మేడం తప్పు ఉందని ఆ పిల్ల తల్లిదండ్రులు కూడా ఎన్నడూ అనలేదట.

"అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. డ్రిల్లు టీచర్ని నేను. నేను నవ్వగూడదు గదా పాపా," అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు పుత్తూరులో కుట్టుమిషను పెట్టుకుని ఉంది. మేడం జాకెట్లన్నీ ఆమె దగ్గరే. ఒక చెయ్యి పొడవుగా, ఒక చెయ్యి పొట్టిగా ఉండే ఆ జాకెట్లను చూసి మేము చాటుగా నవ్వుకున్న రోజులు నాకు మెట్ల మీదే గుర్తొచ్చాయి. తల ఎత్తలేకపోయాను.

గడుల చివర, వీడియోలో బొమ్మ సరిగా లేకపోతే చెప్పడానికి, ఒక చిన్న పెట్టె ఉంటుంది. మేము ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాళ్ళం. ఆ మధ్యాహ్నం మేడం తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో రాశాను. దెబ్బ తగిలాక అరవై రెండో నంబరు ఎటు నిలబడాలో తెలియక అవతలికి వెళ్ళాడని, ఆ తర్వాత ఫలానా ఫలానా చోట్ల కాలు ఆలస్యంగా కదిలిందని, అంతకుముందు వారాల్లో ఎంత వేగంగా కదిలేదో నోటుపుస్తకంలోంచి తీసి పక్కనే రాయించారు. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆలోచించారు. దయచేసి ఎవరైనా అతన్ని కూర్చోబెట్టి అడగండి, ఇదీ ఆ వాక్యం. కింద తన పేరు, రిటైర్డు డ్రిల్లు టీచరు అని పెట్టమన్నారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. పంపే మీట కూడా ఆమే నొక్కారు. ఆమె మా ఆఫీసులో మొదటిసారి కీబోర్డు ముట్టుకుంది అప్పుడే.

మేనేజరుకు సాయంత్రానికి తెలిసింది. పెద్దగా అరవలేదు. రేపటి నుంచి రావద్దని మాత్రం అన్నాడు. మేడం తన డబ్బా, నోటుపుస్తకం, కుర్చీ మీద వేసుకునే చిన్న దిండు తీసుకుని, అందరికీ పోయొస్తానని చెప్పి వెళ్ళిపోయారు. ఆమె ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని నేను మూడు రోజులు పనిచేశాను. పని పోతుందేమోనన్న భయం నాకూ ఉంది. అది దాచడం దేనికి.

అమెరికాలో గురువారం ఆట మనకు శుక్రవారం ఉదయం జరుగుతుంది. ఆ రోజు ఫైలు కోసం ఆగలేక ఫోనులోనే చూశాను. నీలం చొక్కాలు వరుస కట్టాయి. అరవై రెండు లేడు. వాడి చోట ఎవరో సన్నటి కుర్రాడు. కాసేపటికి కెమెరా మైదానం పక్కకు తిరిగినప్పుడు కనిపించాడు. ఇనుప టోపీ లేదు, మామూలు ఉన్ని టోపీ, ఒంటి మీద కోటు. వెంటనే మేడంకు ఫోన్ చేశాను.

ఆడడం లేదని చెప్పగానే ఆమె, "నిలబడి ఉండాడా, కూసోని ఉండాడా?" అని అడిగారు.

"కూర్చున్నాడు మేడం."

"పక్కనోళ్ళతో మాట్లాడతా ఉండాడా?"

"మాట్లాడుతున్నాడు. ఏదో తింటున్నాడు కూడా."

"సరే పాపా. పని సూసుకో," అని పెట్టేశారు.

మేము రాసింది ఎవరైనా చదివారా, చదివే అతన్ని ఆపారా, లేక వాళ్ళ డాక్టర్లే ముందుగా కనిపెట్టారా, నాకు ఇప్పటికీ తెలియదు. రెండు వారాల తర్వాత పని ఇచ్చినవాళ్ళ నుంచి ఒక జాబు వచ్చింది. ఆ వారం రాసిన వ్యాఖ్య చేరవలసినవాళ్ళకు చేరిందని, అలాంటివి కనపడితే ఇకముందు కూడా రాయమని అందులో ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, బండి తీసుకుని కార్వేటినగరం వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడాడో ఆయన చెప్పలేదు. మేడం తర్వాత చెప్పారు, వాకిట్లో నిలబడి నేల చూస్తుంటే బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లోడిలా ఉన్నాడట. అన్నం పెట్టి పంపించారట. సోమవారం కనకాంబరాలతో సహా ఆమె కుర్చీలో ఉన్నారు.

మీ వల్లే ఆ మనిషి బాగున్నాడని నేను ఒకసారి అన్నాను. ఆమెకు నచ్చలేదు.

"ఆడ డాక్టర్లుండారు, వాళ్ళ పని వాళ్ళు సేసుంటారు. నేను ఈ తూరి నవ్వలేదు పాపా. అంతవరకే నాది," అన్నారు.

డిసెంబరు చివరలో అరవై రెండు మళ్ళీ ఆడాడు. ఎడమకాలు ఎప్పటిలా లేస్తోంది. జట్టు మాత్రం ఓడుతూనే ఉంది. సీజను ముగిసేసరికి పట్టికలో దాదాపు అడుగున మిగిలింది. ఆఖరి ఆటలో మంచు కురిసి గీతలే కనపడలేదు. ఆట అయిపోయాక అరవై రెండు టోపీ తీసినప్పుడు మేడం తెరకు దగ్గరగా జరిగి వాడి ముఖాన్ని తనివితీరా చూశారు. చిన్నపిల్లోడి మొగమే, ఎవురు కన్నారో అన్నారు.

ఆ రోజు పని తొందరగా ముగిసింది. వచ్చే సెప్టెంబరులో కొత్త సీజను మొదలైనప్పుడు వస్తానని, ఆ లోపల మోకాళ్ళు ఊరుకుంటే కొండకు ఇంకో ఆరుసార్లు పోతానని చెప్పారు. తర్వాత ఏం తోచిందో, నన్ను మిద్దె మీదికి రమ్మన్నారు. అరవై రెండు చేసే పని ఎలా ఉంటుందో ఒక్కసారి ఒంటితో తెలుసుకోవాలట. జనవరి ఎండ హాయిగా ఉంది. కింద రోడ్డు మీద కొండకు పోయే బస్సులు వరుసగా పోతున్నాయి. నన్ను రెండు గజాల దూరంలో ఎదురుగా నిలబెట్టారు. కొంగు నడుముకు బిగించి, కాళ్ళు ఎడంగా పెట్టి, కిందికి వంగి, కుడిచెయ్యి వేళ్ళు నేలకు ఆనించి, తల ఎత్తి నన్ను చూశారు. బంతి కదిలిందని నేను చెప్పాలి, అప్పుడు ఆమె లేవాలి. నాకు నవ్వు ఆగలేదు. ఆమె మోకాళ్ళు పట్టేస్తాయేమోనని భయం కూడా వేసింది. ఎంతసేపు నవ్వినా ఆమె కదల్లేదు. చెయ్యి నేల మీద అలాగే ఉంది.

"సెప్పు పాపా," అన్నారు.

చెప్పాను. అరవై మూడేళ్ళ మనిషి, ఎడమకాలు ముందుగా లేపి, నవ్వుకుంటూ నా మీదికి వచ్చారు.